ఇస్కూల్‌లో ఆ ఇ

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. సేడం నుంచి వచ్చిన వ్యాపారితో కన్నడం, లారీ డ్రైవరుతో ఉర్దూ, మిషన్ మీద పనిచేసేవాళ్లతో తెలుగు. ఈ మూడూ గడగడా మాట్లాడే మా మామ ఏ భాషకూ వ్యాకరణం పుస్తకం తెరిచి ఎరగడు. బేరం కుదరాలి, సరుకు కదలాలి. ఆ అవసరమే ఆయనకు బడి. ఆ ఊళ్లోనే పెరిగిన నేను ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపలేకపోయాను. పదో తరగతి దాకా దాన్ని చూసి రాశామే గానీ పలికింది లేదు.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో తొలిసారి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇంగ్లీషుకూ ల్యాబ్ ఉంటుంది: 40 కంప్యూటర్లు, సారు ముందు ఒక మాస్టర్ కన్సోల్, ఎవరికి వారు నేర్చుకునే సాఫ్ట్‌వేర్. తెర మీద ‘స్కూల్’ అన్న మాట, దాని కింద ఆ మాట పలికిన గొంతు గీత. సన్నటి నురగలా మొదలై తర్వాత ఉబ్బుతుంది. నేను పలికితే నా గీతకు మొదట్లోనే ఒక బొడిపె. ఇరవై సార్లు పలికాను. బొడిపె పోలేదు. తప్పు కంటికి కనిపిస్తోంది, ఎందుకో తెలియదు. చివరికి సారు వచ్చి నా హెడ్‌ఫోన్ తీసుకుని విన్నారు. “ముందర ఇ పెడ్తున్నవ్ బిడ్డా. పాము బుస కొట్టినట్టు స్... అని మొదలువెట్టు” అన్నారు. నాలుగోసారికి బొడిపె మాయమైంది.

ఆ ఇ నాది కాదు, మా బజారుది. ఉర్దూ నోళ్ల నుంచి వచ్చిన ఇస్కూల్, ఇస్టేషన్ మా అందరి నాలుకల మీదా ఉన్నాయి. తెలుగేమో మాట చివర అచ్చు లేనిదే ఊరుకోదు: బస్సు, బుక్కు, కారు. ఇంగ్లీషువాళ్లు పెదవిని పంటికి ఆనించి ఒకటి, పెదవులు గుండ్రం చేసి ఒకటి పలికే రెండు ధ్వనులకు మనకున్నది ఒక్క ‘వ’. ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్ తప్పు పట్టగలదు. ఈ నోరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఎరిగినవాడే ఆ తప్పు విప్పి చెప్పగలడు. అయినా ఆ యంత్రానికి నేను రుణపడి ఉన్నాను. ఇరవై సార్లు తప్పు పలికినా పక్క బెంచీలో ఎవరూ నవ్వలేదు. సిగ్గుతో మూగబోయిన పిల్లలకు అది చిన్న సాయం కాదు.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో కంప్యూటర్ల మీద తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టిన జిల్లాల్లో మన వికారాబాద్ కూడా ఉంది. పిల్లవాడు చదువుతుంటే విని సరిదిద్దే గూగుల్ యాప్ 2019లోనే వచ్చింది. ఇవన్నీ రావాలి. పిల్లలు పలికే వాక్యాలు మాత్రం వాళ్ల ఇంటివై ఉండాలని నా కోరిక. అనంతగిరి గుట్టల్లో మూసీ పుట్టిన సంగతి, 2022లో జీఐ గుర్తింపు వచ్చిన తాండూరు కంది సంగతి, నాన్న గనిలో కోసే బండ సంగతి ఇంగ్లీషులో చెప్పాలనిపిస్తే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. మా మామకు కన్నడం వచ్చింది అలాగే.

నేను ఇప్పటికీ రాత్రిపూట ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని ఆ రోజు జరిగింది ఇంగ్లీషులో చెబుతుంటాను. ఎక్కడ తప్పు రాస్తే అక్కడ ఆగి మళ్లీ పలుకుతాను. మొన్న ‘తాండూర్ స్టోన్’ అంటే ‘థండర్ స్టోన్’ అని రాసింది. స్టోన్ ముందు ఇ లేదు, అది సరిగ్గానే వచ్చింది. తాండూరును మాత్రం మా అమ్మ పలికినట్టే మళ్లీ పలికాను, ఇంకోసారి పలికాను.