యేసు చుట్టూ ఉన్న యూదులు: మూడు పుస్తకాలు

తెలుగు బైబిల్లో ‘ధర్మశాస్త్రము’ అన్న మాట చూడగానే నాకు మనువు గుర్తొస్తాడు. హీబ్రూలో ‘తోరా’ అంటే ముందు బోధ, మార్గం చూపడం. దీనికి తోడు ‘పరిసయ్యుడు’ అంటే వేషధారి అన్న వాడుక ఒకటి. ఈ రెండు మాటల మీదుగా కొత్త నిబంధన చదివితే, యేసు యూదమతానికి ఎదురు తిరిగిన మనిషిలాగే కనిపిస్తాడు. ఆయన యూదుడిగా పుట్టి, యూదుడిగానే మరణించాడన్న సంగతి జారిపోతుంది. ఆ సంగతిని తిరిగి చేతికిచ్చే ఇంగ్లీషు పుస్తకాలు మూడు చెబుతాను.

మొదటిది గేజా వెర్మెష్ రాసిన ‘జీసస్ ద జ్యూ’ (1973). హంగరీ యూదు కుటుంబంలో పుట్టి, కాథలిక్ ప్రీస్టుగా ఉండి, తర్వాత మళ్ళీ యూదుల్లోకి వచ్చిన పండితుడాయన. యేసుని గలిలయ పుణ్యపురుషుల వరసలో నిలబెడతాడు. హనీనా బెన్ దోసా దూరాన్నుంచే ప్రార్థించి గమలీయేలు కొడుకు జ్వరం తగ్గించాడని తల్ముదులో ఒక కథ ఉంది. దాన్ని యోహాను సువార్తలోని కపెర్నహూము అధికారి కొడుకు కథ పక్కన పెట్టి చదవండి, పోలిక తెలుస్తుంది. కానీ తల్ముదుని కూర్చింది కొన్ని శతాబ్దాల తర్వాత. అది ఒకటో శతాబ్దానికి ఎంతవరకు సాక్ష్యం? ఆయన జవాబు నాకు చాలలేదు.

రెండోది ఇ. పి. శాండర్స్ ‘పాల్ అండ్ పాలస్తీనియన్ జుడాయిజం’ (1977). లావు పుస్తకం, ఓపిక కావాలి. యూదులు పుణ్యం లెక్కలేసుకుని మోక్షం సంపాదించుకోవాలని చూశారన్నది ప్రొటెస్టంట్ పండితుల్లో బాగా పాతుకుపోయిన అభిప్రాయం. శాండర్స్ మూలగ్రంథాలు తిరగేసి ఇది తప్పంటాడు: దేవుడు ముందు దయతో నిబంధన చేసుకున్నాడు, ఆజ్ఞలు పాటించేది అందులోకి రావడానికి కాదు, అందులో నిలిచి ఉండడానికి. అన్ని రకాల గ్రంథాల్నీ ఒకే చట్రంలో ఇమిడ్చాడేమో అనిపిస్తుంది కానీ, నాలుగో ఎజ్రా అందులో ఇమడదని తనే ఒప్పుకుంటాడు. ఆ నిజాయితీ నచ్చింది.

మూడోది పౌలా ఫ్రెడ్రిక్సన్ ‘వెన్ క్రిస్టియన్స్ వర్ జ్యూస్’ (2018). ముగ్గురిలో చదివించే గుణం ఈవిడదే. యేసు తొలి అనుచరులు యెరూషలేములోనే ఉండి, ఆలయానికి వెళ్తూ, దేవుని రాజ్యం తమ కాలంలోనే వస్తుందని ఎదురుచూశారు. కొత్త మతం పెడుతున్నామని వాళ్ళు అనుకోలేదు. ఆ కాలానికి ఆధారాలు తక్కువ కాబట్టి, ఆధారం ఎక్కడ ఆగి ఊహ ఎక్కడ మొదలవుతుందో చూసుకుంటూ చదవాలి.

ఇదంతా పండితుల గొడవే అనుకోకండి. పరిసయ్యులతో యేసు వాదన ఒక ఇంట్లోవాళ్ళ మధ్య వాదన. ఆ ఇంటి బయటివాళ్ళు దాన్ని అందుకున్నాక అది యూదులందరి మీదా నేరారోపణ అయింది. యేసు మరణానికి నాటి యూదులందర్నీ, నేటి యూదుల్నీ బాధ్యుల్ని చేయకూడదని కాథలిక్ చర్చి అధికారికంగా చెప్పింది 1965లో. అప్పటిదాకా పట్టింది!

ఒక్కటే చదివే తీరికుంటే ఫ్రెడ్రిక్సన్ చదవండి. ఆ తర్వాత మత్తయి సువార్త 23వ అధ్యాయం మళ్ళీ తెరవండి. అక్కడి కోపం వేరేగా వినిపిస్తుంది.