చౌరా కుండపై నల్లచార

నల్లని కుండపెంకు చేతికి రాగానే దానికొక దూరపు చుట్టరికాన్ని వెతకడం పురావస్తు పరిశోధకులకు పాత అలవాటు. నికోబార్ దీవులలోని చౌరాకు చెందిన పెంకొకదానికి నేనే ఒకప్పుడు ‘నల్లని మృణ్మయం’ అని చీటీ రాసి, పక్కన ‘చైనా?’ అని చేర్చాను. ఆ ప్రశ్నార్థకం ఎంత తేలికగా పడిందో ఇ. హెచ్. మాన్ వ్యాసాన్ని మళ్లీ చదివినప్పుడు గాని తెలియలేదు.

నికోబార్ కుండలను గూర్చి మాన్ 1894లో ప్రకటించిన ఆ వ్యాసపు బలం, వస్తువుతోపాటు పనిని కూడ చూడడం. చౌరాకు కావలసిన మట్టి తెరెస్సా దీవి నుండి పడవలపై వస్తుంది. సారె లేదు, స్త్రీలు మట్టిచుట్టలను ఒకదానిపై ఒకటి పేర్చి కుండను లేపుతారు. కాల్చిన కుండ ఇంకా వేడిగా ఉండగానే పచ్చి కొబ్బరిపీచు పట్టీలను దానికి అద్దుతారు. పీచులోని రసం మాడి నల్లచారగా నిలుస్తుంది. తక్కిన భాగమంతా తడిపీచుతో రుద్దగా లేత రాగిరంగు వస్తుంది. ఇతర దీవులవారు కుండ చేస్తే కీడు అన్న కట్టుబాటును మాత్రం వట్టి నమ్మకంగా చదివితే సగమే చదివినట్లు. మట్టి లేని దీవికి కుండల వ్యాపారాన్ని నిలిపినదీ అదే.

ఇక చైనా సంగతి. 1928లో షాన్‌డాంగ్ ప్రాంతపు చెంగ్‌జియాలో బయటపడిన లుంగ్‌షాన్ సంస్కృతికి చెందిన మేలైన నల్లపాత్రల గోడ ఒక మిల్లీమీటరు మందమైనా ఉండదు. వేగంగా తిరిగే సారె, మూసిన ఆవము వాటి పుట్టుకకు మూలం. చివర గాలి అందకుండ చేయగా పొగలోని బొగ్గు మట్టిలోనికి ఇంకుతుంది. అక్కడ నలుపు పాత్ర ఒంటిది. చౌరాలో అది పైమరక. మన బృహత్‌శిలాయుగ సమాధులలోని ఎరుపు-నలుపు కుండలది మరొక దారి.

7వ శతాబ్దిలో భారతదేశానికి వస్తూ ఇ-త్సింగ్ చూసిన ‘దిగంబరుల దేశం’ నికోబారేనని పలువురి అభిప్రాయం. అక్కడివారు కొబ్బరికాయలు, అరటిపళ్లు, పేము వెదురు వస్తువులు తెచ్చి ఇనుము కోరారని ఆయన రాశాడు. ఒక చైనా భిక్షువు ఓడ ఆ తీరాన ఆగినంతమాత్రాన చైనా ఆవము అక్కడ దిగినట్లు కాదు. వినయం భిక్షాపాత్రకు అనుమతించినవి ఇనుము, మట్టి రెండే గనుక, పాత్ర ఎలా నల్లబడిందన్న ప్రశ్న మన భిక్షు పాఠకులకు నాకంటె సహజంగానే తోచవచ్చు.

2004 సునామీ చౌరా ఊళ్లను చెదరగొట్టింది. అక్కడి జనాన్ని, ఒకప్పుడు తమ మట్టి వచ్చిన తెరెస్సాకే తరలించారు. పనితనం చూపే ఇళ్లు చెదిరిన చోట పెంకు పక్కన ఉన్న చీటీయే సాక్ష్యమవుతుంది. నా పాత చీటీని కొట్టివేసి ఇలా రాశాను: ‘చౌరా. తెరెస్సా మట్టి. చేతితో చుట్టినది. నలుపు: కాల్చిన తరువాత కొబ్బరిపీచుతో.’