వేళ్ల మధ్య తిరిగే పుష్‌రాడ్

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మైక్రాన్ల లెక్కన లోహం చెక్కే యంత్రాలున్నాయి. అదే దారిలో పాత బుల్లెట్ బైకులు బాగుచేసే మెకానిక్ వేళ్లను నేను వాటి పక్కనే నిలబెడతాను.

ఇంజిన్ వేడిగా ఉంటే ఆయన ముట్టడు. "సల్లవడ్డంక చూద్దాం అన్నా" అంటాడు. వేడికి లోహం సాగితే కొలత తప్పుతుంది మరి. చల్లారాక పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెస్తాడు. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. పక్కనున్న ట్యాపెట్ మూత తీసి, వాల్వును తెరిచే పుష్‌రాడ్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తిప్పుతాడు. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. వదులైతే టకటకమని మోత. అసలు కష్టం, సర్దిన కొలతను నిలిపి ఉంచే లాక్‌నట్ దగ్గరుంది. దాన్ని బిగించేటప్పుడే ఆ కొలత జారిపోతుంది. అందుకే మళ్లీ తిప్పి చూస్తాడు, నచ్చకపోతే మళ్లీ విప్పుతాడు.

2009లో వచ్చిన క్లాసిక్ మోడల్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు పుష్‌రాడ్ దగ్గరి సందును ఆయిల్‌తో తామే పూడ్చుకుంటాయి. సర్దే పని పోయింది గానీ కొలిచే పని పోలేదు. పవర్ కోసం హెడ్ చెక్కించినా, కామ్ మార్చినా పాత పుష్‌రాడ్ పొడవు కుదరకపోవచ్చు. లిఫ్టర్‌లోని ప్లంజర్ తగినంతే కిందికి దిగాలి. ఆ లోతే ప్రీలోడ్. ఎక్కువైతే వాల్వు సరిగా మూసుకోదు, చాలకపోతే మళ్లీ మోతే. పొడవు మార్చగల రాడ్‌తో ముందు కొలిచి, ఆ కొలతకు సరిపడే రాడ్ వేయాలి.

చిటికెలో పని ముగించేవాళ్లూ ఉన్నారు. నా బండి మాత్రం నట్ బిగించాక మళ్లీ తిప్పి చూసే ఆయనకే అప్పగిస్తాను.