సుముఖత, సమ్మతి, విధేయత

సౌదీ అరేబియా వాయవ్యాన, జోర్డాన్ సరిహద్దుకు చేరువలో ఉన్న తబూక్‌లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు, సైనిక ఆసుపత్రి ఉన్నాయి. దేశంలోని ఇతర నగరాల్లాగే ఇక్కడా నర్సులలో పెద్ద భాగం భారత్, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి వచ్చినవారు. కోవిడ్ కాలంలో ఇటువంటి సిబ్బందిని "టీకా వేయించుకుంటారా?" అని అడిగిన పరిశోధనలు అనేకం వెలువడ్డాయి. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు నిజంగా దేన్ని కొలిచాయన్నది ఇక్కడ పరిశీలించదగ్గ విషయం.

2020 చివరి నెలలలో సౌదీ ఆరోగ్య సిబ్బందిపై జరిగిన మూడు సర్వేలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 673 మందిని అడిగిన ఒక పత్రంలో సుముఖులు సుమారు సగం. 1,512 మందిని అడిగిన రెండవదానిలో 70 శాతం. 23,582 మందితో జరిగిన మూడవదానిలో దాదాపు 65 శాతం. దేశం ఒకటే, కాలమూ దాదాపు ఒకటే. తేడాకు కారణం ఎవరిని, ఎలా, ఏ మాటలతో అడిగారన్నదే కావచ్చు. రెండవ సర్వే చేసిన బృందంలోని వారే, అంతే సంఖ్యలో సిబ్బంది జవాబులతో ప్రచురించిన మరో పత్రం దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. టీకా పేరు చెప్పి అడిగినప్పుడు ఆక్స్‌ఫర్డ్ టీకాకు నిశ్చయంగా సిద్ధమన్నవారు 24.4 శాతం, ఫైజర్ టీకాకు 20.9 శాతం మాత్రమే. ఊహలోని టీకాకు పలికిన అవును, సీసాలోని టీకాకు పలికే అవును ఒకటి కావు.

ఆ ఏడాది డిసెంబరు 17న సౌదీలో టీకాల పంపిణీ మొదలైంది. 2021 ఆగస్టు 1 నుంచి పనిచేసే చోటికి అడుగు పెట్టాలంటే టీకా తప్పనిసరి అయింది. దానితో సుముఖత అన్న ప్రశ్న స్వరూపమే మారిపోయింది. ఉద్యోగం, నివాస అనుమతి రెండూ యజమానితో ముడిపడిన విదేశీ నర్సు టీకా వేయించుకుంటే, అది సమ్మతో విధేయతో ఏ ప్రశ్నావళీ విడదీసి చెప్పలేదు.

మన ప్రాంతాల అనుభవమూ ఇందుకు భిన్నం కాదు. 2021 జనవరి 16న హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో తొలి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. అంతకు రెండు వారాల ముందు, జనవరి 3న, హైదరాబాదులోనే తయారైన కోవాగ్జిన్‌కు మూడవ దశ సామర్థ్య ఫలితాలు రాకముందే, "క్లినికల్ ట్రయల్ పద్ధతి"లో అనుమతి లభించింది. ఏ టీకా అన్న ఎంపిక సిబ్బంది చేతిలో లేదు. అప్పట్లో కోవాగ్జిన్ వేయించుకునేవారు అంగీకార పత్రంపై సంతకం చేయాల్సి ఉండేది. తొలి మధ్యంతర ఫలితాలు మార్చి 3న వచ్చాయి. జనవరిలో తటపటాయించిన వైద్యుడిని "టీకా వ్యతిరేకి" అనడం అన్యాయం. అతను అడిగింది ఆధారాలు. తన వృత్తి తనకు నేర్పింది అదే.

గల్ఫ్‌కు వెళ్ళేవారికి చిక్కు మరొకటి. సౌదీ తొలినాళ్ళలో గుర్తించిన జాబితాలో ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ టీకాలున్నాయి; కోవాగ్జిన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను తన అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబరు 3న. అంతవరకూ తబూక్ ఉద్యోగానికి బయలుదేరే తెలుగు నర్సుకు ఏ టీకా అన్నది వైద్యపరమైన ప్రశ్న మాత్రమే కాదు, ప్రయాణానికి సంబంధించినది కూడా.

టీకాలు తీవ్ర వ్యాధినీ మరణాలనూ బాగా తగ్గించాయనడంలో సందేహం లేదు. ఇక్కడి విమర్శ టీకాపై కాదు, కొలతపై. సంకోచాన్ని అజ్ఞానం ఖాతాలో వేసే సర్వే, దానికి విరుగుడుగా "అవగాహన శిబిరాలు" సూచించి ముగుస్తుంది. ఏ టీకా, ఏ ఆధారంతో, కాదంటే పోయేదేమిటి, అడుగుతున్నది యజమానా, మరొకరా అన్న నాలుగు ప్రశ్నలు కూడా అడిగిన సర్వే అయితే సిబ్బంది భయాన్నీ, వివేకాన్నీ, నిస్సహాయతనూ వేరు చేసి చూపగలుగుతుంది. మరో మహమ్మారి వచ్చినా ముందు వరుసలో నిలబడేది వీరే. వారి అవునుకు విలువ ఉండాలంటే, కాదు అనగలిగే చోటు కూడా వారికి ఉండాలి.