కనబడని చేతి నేర్పు

శిల్పిని కొనియాడువారు లోకమున కొల్లలుగా కలరు గాని, ఆ శిల్పము చెడకుండ కాచి మన కన్నుల యెదుట నిలుపుచున్న సంరక్షకుని పేరెత్తువారు మిక్కిలి అరుదు. మా సికింద్రాబాదువారు సెలవుదినములందు మూసీ దక్షిణతీరమున నున్న సాలార్‌జంగు మ్యూజియమునకు పోయి, మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొనిన ముసుగు రెబెక్కా శిల్పమును చూచి, పాలరాతి మేలిముసుగు చాటునుండి చెక్కిళ్లు తొంగిచూచు వింతకు శిల్పి బెంజోనీ చేతికి మ్రొక్కి వత్తురు. మ్రొక్కవలసినదే. అయితే ఆ మడతలలో చేరెడి ధూళిని గరుకుగుడ్డతో రుద్దినచో బెంజోనీ నేర్పే అరిగిపోవునని యెరిగినవారెందరు? పాలరాతి పనిలో ఆరితేరినవాడు రుద్దడు. పుల్లకు చుట్టిన దూదిని తడిపి, మురికిపై మెల్లగా దొర్లించి, దానిని పారవైచి మరియొకటి తీసికొనును. తడుపుటకు ఒక్కొక్కప్పుడు అతడు వాడునది తన లాలాజలమే! అందలి ఎంజైములవలె మృదువుగా మురికిని విడదీయు ద్రవము ఏ సీసాలోను దొరకదని ఆ వృత్తివారు చెప్పుదురు. జానెడు మేర తేరుటకు పూట గడచును. ఆ పూట గడచిన పిమ్మట అతని చేయి అచట పడినట్లే తెలియరాదు.

కంచుపని యింతకన్న కఠినము. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు మ్యూజియములో కొలువుదీరిన కంచువిగ్రహములవంటి వానిపై పట్టిన ముదురుపచ్చని కిలుము శత్రువు కాదు, లోహమునకు కవచము. పాలిపోయిన లేతపచ్చని పొడి మాత్రము వ్యాధి. మన్నులో పడియున్న కాలమున లోహమున చొచ్చిన క్లోరైడు, తేమయు ప్రాణవాయువును తగిలినంతనే ఆమ్లమును పుట్టించును. ఆమ్లము రాగిని తినును. తిన్నచోట మరల క్లోరైడు పుట్టును. ఇట్లు బొమ్మ లోలోపల గుల్లయగును. భూతద్దము క్రింద సూదిమొనతో ఆ పొడిని గుంటగుంటనుండి తీసి, బెంజోట్రయజోల్ ద్రావణమున నానబెట్టి, పలుచని పూత పూసి, తేమ తగ్గించిన అద్దపుపెట్టెలో నుంచవలెను. ఏది కవచమో ఏది రోగమో సూదిమొన తాకిడికే పసిగట్టెడి నేర్పు పుస్తకములలో లభింపదు. 1930లో మద్రాసు మ్యూజియమున రసాయనశాల నెలకొల్పినపుడు, పరమశివన్ గారు విద్యుత్ప్రవాహముచే కంచుబొమ్మల జబ్బు కుదిర్చిన తీరును తలచుకొన్నపుడెల్ల నాకు ఒడలు పులకరించును. ఆ మహనీయుని పేరు మన పాఠ్యగ్రంథములలో లేకపోవుట సిగ్గుచేటు.

మన అమరావతి ఫలకములలో పెక్కు చేరినదియు ఆ మద్రాసు మ్యూజియమునకే. పలనాటి సున్నపురాతి పలకలను 1880 దశకమున గోడలలో సిమెంటుతో పొదిగిరి; సిమెంటులోని లవణములును సముద్రపుగాలియు కలసి, మేలైన చెక్కడములను పొరలుపొరలుగా ఊడ్చివైచినవి. రాతిలోని ఉప్పును లాగుటకు కాగితపుగుజ్జును శుద్ధజలమున తడిపి, వైద్యుడు వాపునకు వేసినట్లు పట్టు వేయుదురు. ఆరుచు అది ఉప్పును పీల్చుకొనును. పీల్చిన గుజ్జును నీట నానవేసి, ఆ నీటిలో విద్యుత్తు ఎంత పారునో కొలిచి, ఉప్పు జాడ తగ్గువరకు పట్టుమీద పట్టు మార్చుచునే యుందురు. ఇంతటి ఓర్పును తపస్సనక మరేమందుము?

ఓర్పునకు తోడు వినయము కావలెను. 1920లో నిజాము ప్రభుత్వము అజంతా చిత్రములను కాపాడుటకై ఇటలీనుండి చెక్కోనీ, ఓర్సీనీ అను నిపుణులను రప్పించెను. ఊడిపోవుచున్న గచ్చును వారు నిలిపిరి; ఆ ఉపకారమును మరువరాదు. కాని పైని పూసిన లక్క వార్నిషు కాలక్రమమున పసుపుబారి చిత్రములను మసకపరచగా, దానిని తొలగించుట పిదపతరముల రసాయనశాస్త్రవేత్తలకు పెద్ద పనియైనది. నేటి సంరక్షకుడు అసిటోనుతో తుడిచినచో విడివడు జిగురునే యెన్నుకొనుట యిందుకే: రేపటివాడు తనకన్న తెలిసినవాడు కావచ్చునని అతడు ముందుగనే ఒప్పుకొన్నాడన్నమాట.

ఈ వినయమే నేడు కరవైనది! గుడులలో జీర్ణోద్ధారణ పేరిట కాకతీయుల నల్లరాతిపై ఎనామిల్ రంగులు పులుముచున్నారు; యంత్రముతో ఇసుక చిమ్మి శిల్పముల కనుముక్కు తీరు చెరిపివేయుచున్నారు; ఉత్సవమూర్తులను చింతపండుతోను ఇటుకపొడితోను తోమితోమి నగల నగిషీని నున్నచేసి, మెరసెనని సంతసించుచున్నారు. మరొకవైపు నిన్న పోసిన ఇత్తడిబొమ్మకు ఆమ్లము పూసి, మన్నులో పూడ్చి, కిలుము పట్టించి పురాతనమని అమ్ముచున్నారు. అసలుకు మెరుగు పెట్టి చంపుట, నకిలీకి కిలుము పట్టించి పూజించుట! చూచి యూరకుండుట నావలన కాదు.

దేవాలయముల ధర్మకర్తలారా, ఏ గుడిలోనైనను కుంచె యెత్తుటకు ముందు ఒక సంరక్షకునిచే ఆ రాతిని పరీక్షింపజేయుడు. మ్యూజియముల నేలెడి పెద్దలారా, కొత్త గాజుపెట్టెలకును దీపములకును వెచ్చించు సొమ్ములో కొంత ఈ పనివారికి కేటాయింపుడు. చేయి తిరిగిన పెద్దలు కొలువు విరమింపకమునుపే రసాయనశాస్త్రము చదివిన పడుచువారిని వారి ప్రక్క కూర్చుండబెట్టి, సూది యెట్లు పట్టవలెనో నేర్పింపుడు.