పక్కింటి మాట

బడి ఎదురుగా ఉండే పుస్తకాల దుకాణం బోర్డు మీద తెలుగులో ‘స్టేషనరీ’ అని రాస్తే ఏ పేచీ లేదు. అదే మాట ఇంగ్లిషులో రాసేటప్పుడు చాలా బోర్డుల మీద చివర్నుంచి మూడో అక్షరం ‘ఇ’ ఉండాల్సిన చోట ‘ఎ’ పడుతుంది. అప్పుడది కాగితాలూ కలాలూ దొరికే చోటు కాకుండా కదలకుండా ఉన్న దుకాణం అవుతుంది. ఇంగ్లిషు మాస్టార్లు ముసిముసిగా నవ్వుకునే తప్పు ఇది. నిఘంటువులో ఈ రెండు మాటల నడుమ ఒదిగి కూర్చున్న మూడో మాటను చూస్తే మాత్రం ఆ నవ్వు కాస్త ఆగుతుంది. ఆ మాట ‘స్టేషనర్’. మధ్యయుగాల యూరప్‌లో సరుకు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకేచోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ని లాటిన్‌లో ‘ఒకచోట స్థిరంగా ఉండేవాడు’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. అదే ఇంగ్లిషులోకి వచ్చి స్టేషనర్ అయింది, అతను అమ్మే సరుకు స్టేషనరీ అయింది. బోర్డు రాసిన పెయింటర్ స్పెల్లింగ్ తప్పిన మాట నిజమే గానీ, తనకు తెలియకుండానే ఆ పదాన్ని పుట్టింటి గుమ్మం దాకా తీసుకెళ్లాడు.

‘స్టేషనరీ’ ఒక్కదాన్నే వెతికి, అర్థం చూసుకుని, నిఘంటువు మూసేసేవాడికి ఈ సంగతి అందదు. పైనున్న మాటనూ కిందనున్న మాటనూ చదివినవాడికి అందుతుంది. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లిషులో ఒక మాట అర్థం పూర్తిగా తెలియాలంటే దాని ఇరుగుపొరుగు తెలియాలి. పొలం ఎంతో చెప్పడానికి సర్వే నంబరు ఒక్కటీ చాలదు. తూర్పున ఎవరు, పడమట ఎవరు అని నాలుగు హద్దులూ రాస్తేనే దస్తావేజు పూర్తవుతుంది. మాటల సంగతీ అంతే. మనం ఇంగ్లిషులో తడబడేది ఎక్కువగా అర్థం బొత్తిగా తెలియని మాటల దగ్గర కాదు, సగం తెలిసి హద్దు తెలియని మాటల దగ్గర.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. అక్షరక్రమం గుడ్డిది కదా, అది కలిపిన చుట్టరికానికి విలువేమిటి? మన వర్ణమాలకు ఒక తర్కం ఉంది. కంఠం దగ్గర మొదలైన క వర్గం నుంచి పెదవుల దగ్గర ఆగే ప వర్గం దాకా నోటిలో పలికే చోటును బట్టి అక్షరాలు వరసలో నిలబడ్డాయి. రోమన్ అక్షరాల వరసకు అలాంటి ఉచ్చారణ సూత్రం లేదు. ‘బి’ తరవాత ‘సి’ ఎందుకు రావాలంటే తరతరాలుగా అలా వస్తోంది కాబట్టి, అంతే. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు ఇంగ్లిషులో కష్టమైన మాటలు సుమారు రెండున్నర వేలు పోగేసి అక్షరక్రమంలో అచ్చువేసినప్పుడు, ‘ఎ’తో మొదలయ్యే మాట కావాలంటే పుస్తకం మొదట్లో చూడమని ముందుమాటలో చదువరులకు విడమరచి చెప్పాల్సి వచ్చింది. అప్పటికి అది అంత కొత్త. మన అమరకోశం అక్షరాల వెంట పోలేదు. స్వర్గానికి సంబంధించిన మాటలు ఒకచోట, భూమికి సంబంధించినవి ఒకచోట అంటూ విషయాన్ని బట్టి వర్గాలు చేసింది. 1852లో బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు అక్షరక్రమంలో అచ్చయింది. అదే ఏడాది లండన్‌లో రోజెట్ తన థెసారస్‌ను భావాల వారీగా తెచ్చాడు. మాటల మధ్య సంబంధం కావాలంటే అమరసింహుడి దారిలోనో రోజెట్ దారిలోనో నడవాలి గాని, ‘ఎ, బి, సి, డి’ల వెంట ఎందుకు అనడం న్యాయమైన ప్రశ్నే.

జవాబు ఇంగ్లిషు పుట్టుకలో ఉంది. ఇంగ్లిషులోని పెద్దమాటల్లో ఎక్కువ భాగం లాటిన్ నుంచి నేరుగానో, ఫ్రెంచి మీదుగానో వచ్చాయి. అవి ముందు ఉపసర్గ, తరవాత ధాతువు, చివర ప్రత్యయం ఉన్న మాటలు. అక్షరక్రమం మాటను మొదటి నుంచి చదువుతుంది కాబట్టి, ఒకే ఉపసర్గా ఒకే ధాతువూ ఉన్నవి తమంతట తామే ఒకే వీధిలో చేరతాయి. వేరుపడిన అన్నదమ్ములు పక్కపక్క వాటాల్లో కాపురం ఉన్నట్టు ఉంటుంది ఆ పేజీ. వాళ్ల మధ్య ఏ సంబంధమూ లేని అద్దెవాళ్లూ ఉంటారు. ఎవరు అన్నదమ్ములో ఎవరు అద్దెవాళ్లో తేల్చుకోవడమే ఆ పేజీ చదవడంలోని పని. భావాల వారీ నిఘంటువు పోలిన అర్థాలను చూపిస్తుంది. ఒకే తల్లి బిడ్డలు ఎక్కడ విడిపోయారో అక్షరక్రమమే చూపిస్తుంది.

ఒక్క వీధిని దగ్గరగా చూద్దాం. డిస్క్రీట్, డిస్క్రిపెన్సీ, మళ్లీ డిస్క్రీట్, ఆ తరవాత డిస్క్రిషన్. రెండు డిస్క్రీట్లకూ ఉచ్చారణ ఒకటే. మొదటిదానిలో రెండు ‘ఇ’లు జంటగా ఉంటాయి, రెండోదానిలో వాటి నడుమ ‘టి’ దూరుతుంది. మొదటిదానికి అర్థం గుట్టు తెలిసి మసలుకునే, నలుగురిలో నోరు జారని. రెండోదానికి అర్థం విడివిడిగా ఉన్న. ఇంజనీరింగ్ పిల్లలు చదివే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ ఇదే. రెండింటికీ మూలం వేరుచేయడం అనే లాటిన్ మాట. ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో వేరుచేయగలిగినవాడు మొదటి డిస్క్రీట్, వేరుగా ఉన్న వస్తువు రెండో డిస్క్రీట్. నడుమనున్న డిస్క్రిపెన్సీ అద్దెకొచ్చినవాడు. లెక్కల్లో తేడా అని ఆడిటర్లు వాడే ఆ మాట శ్రుతి కలవకుండా మోగడం అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. ఇక చివరనున్న డిస్క్రిషన్ మరీ తమాషా. స్పెల్లింగ్ చూస్తే రెండోవాడి ఇంటిపేరు, గుణం చూస్తే మొదటివాడి పోలిక. అధికారుల ఉత్తర్వుల్లో కనిపించే విచక్షణాధికారంలోని విచక్షణ అదే. ఈ నాలుగు వాటాలనూ ఒకసారి వరసగా చూసినవాడు ఆ తరవాత ఏ ‘ఇ’ ఎక్కడ అని బట్టీ పట్టనక్కర్లేదు.

ఇలా విడిపోయిన మాటలు మన వార్తల్లోకి వచ్చేసరికి మళ్లీ ఒకటైపోవడమూ ఉంది. పార్లమెంటు సమావేశాలు లేని రోజుల్లో 123వ అధికరణ కింద రాష్ట్రపతి, శాసనసభ లేని రోజుల్లో 213వ అధికరణ కింద గవర్నరు జారీ చేసేది ఆర్డినెన్స్. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు తయారయ్యే చోటును కూడా జనం ‘ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ’ అనే అంటారు. మాట ప్రకారం చూస్తే అది అత్యవసర చట్టాలు పోతపోసే కార్ఖానా అవ్వాలి. ఇంగ్లిషులో ఆ ఫ్యాక్టరీ పేరులో నడుమనున్న ‘ఐ’ ఉండదు. ఫిరంగులూ మందుగుండూ అనే అర్థంలో మాట కుదించుకుపోయింది. మొదట్లో అది ఏర్పాటు, కట్టడి అనే ఒకే మాట. సైన్యానికి చేసే ఏర్పాట్లు అనే అర్థం ఒక పక్కకు జరిగి, ఒక అక్షరం రాల్చుకుని వేరు కాపురం పెట్టింది. తెలుగువాడి నాలుక ఆ రాలిన అక్షరాన్ని తెచ్చి మళ్లీ అతికించింది. ఇది తప్పని ఎద్దుమైలారం బస్సెక్కేవాణ్ని దిద్దనక్కర్లేదు. ఇంగ్లిషులో అర్జీ రాసేవాడికి మాత్రం తేడా తెలియాలి.

అన్నిసార్లూ మన నాలుక కలిపేయదు, కొన్నిసార్లు ఇంగ్లిషువాడికంటే జాగ్రత్తగా హద్దు కాపాడుతుంది కూడా. కాలేజీ పెద్ద ప్రిన్సిపాల్, నమ్ముకున్న సూత్రం ప్రిన్సిపుల్. లండన్‌లో రెండూ వినడానికి ఒకటే. మనం స్పెల్లింగ్‌ను చూసి పలుకుతాం కాబట్టి ‘ప్రిన్సిపుల్స్ ఉన్న ప్రిన్సిపాల్’ అన్న మాట తెలుగులో ఎవరికీ చిక్కుపడదు. బ్యాంకువాడు ఇంటి అప్పులో ప్రిన్సిపల్ అనేది కూడా ఈ మొదటి మాటే. ముఖ్యమైనది అనే అర్థం నుంచి వచ్చింది కాబట్టి మన ‘అసలు’కు సరిగ్గా సరిపోతుంది. ఒకటి మనుషుల్లో ముఖ్యం, ఒకటి డబ్బులో ముఖ్యం.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. ఇప్పుడు నిఘంటువు పేజీ తిప్పేదెవరు? ఫోన్‌లో మాట కొడితే సూటిగా అర్థం వస్తుంది, తప్పు రాస్తే కింద ఎర్రగీత పడుతుంది. సౌకర్యమే, కాదనను. కాని ఎర్రగీత లేని మాటను పట్టుకుంటుంది గాని ఉన్న మాటను కాదు. ఇన్‌జీనియస్ అంటే ఉపాయశాలి. పక్కనే ఉండే ఇన్‌జెన్యువస్ అంటే కల్లాకపటం తెలియని అమాయకుడు. ఉద్యోగానికి ఇచ్చే సిఫారసు ఉత్తరంలో ఒకదాని బదులు ఇంకొకటి పడితే స్పెల్లింగూ వ్యాకరణమూ చెక్కుచెదరవు, అభ్యర్థి మాత్రం చెదురుతాడు. ఇప్పటి సాధనాలు వాక్యం చూసి కొన్నిసార్లు అనుమానిస్తాయి. అయినా ఆ రాసేవాడి మనసులో ఉన్నది తెలివా అమాయకత్వమా అన్నది అతనొక్కడికే తెలుసు. అఫీషియల్‌కు నాలుగడుగుల దూరంలో ఉండే అఫీషియస్ కూడా ఇలాంటిదే. ఆఫీసుకు సంబంధించినదనుకుని వాడితే, తగుదునమ్మా అని పిలవని చోట దూరే మనిషి అయి కూర్చుంటుంది.

మూడో అభ్యంతరం భాష తెలిసినవాళ్లది. మాటల హద్దులు ఎప్పుడూ జరుగుతూనే ఉన్నాయి కదా, వాటికి కాపలా ఎందుకు? నిజమే, ఉపాయశీలతకు ఇంగ్లిషులో ఉన్న ఇన్‌జెన్యుయిటీ అనే నామం పుట్టింది అమాయకుడి ఇంట్లో. రెండు మాటలనూ జనం కలగలిపి వాడడం వల్ల పక్కింటికి కోడలిగా వెళ్లి అక్కడే స్థిరపడింది. గోధుమపిండికి వాడే ఫ్లోర్, పువ్వుకు వాడే ఫ్లవర్ ఒకప్పుడు ఒకే మాట. విసిరిన గింజలో మేలైన భాగాన్ని పువ్వుతో పోల్చారు. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువు కూడా పిండికి వేరే స్పెల్లింగ్ ఇవ్వలేదు. కాని ఈ ఉదాహరణలనే ఇంకోవైపు నుంచి చూడండి. పువ్వూ పిండీ చివరికి విడిపోయాయి. మనిషికి సంబంధించిన హ్యూమన్ నుంచి దయగల హ్యూమేన్ విడిపోయింది. సెన్సువల్ అనే మాటకు కామవాసన అంటుకుందని, ఇంద్రియాలకు సంబంధించినదనే శుద్ధమైన అర్థం కోసం మిల్టన్ 17వ శతాబ్దంలో దాని పక్కనే సెన్సువస్ అనే కొత్త మాటను కట్టాడని నిఘంటుకారులు చెబుతారు. అర్థాల మధ్య తేడాతో పని ఉన్నచోట సమాజం తానే గట్టు వేసుకుంటుంది. 1926లో వాడుక నిఘంటువు రాసిన ఫౌలర్ ఇలాంటి విడిపోవడాన్ని భాషకు లాభమనే చెప్పాడు. వందేళ్ల తరవాత గట్టు ఎటు జరుగుతుందో ఎవరూ శాసించలేరు. ఈ రోజు రాసేవాడు ఈ రోజున్న గట్టును చూసుకునే నడవాలి. చదివేవాడు నిలబడి ఉన్నది ఈ గట్టు మీదే మరి.

హిస్టారిక్, హిస్టారికల్ తేడా మనకెందుకు, అదంతా దొరల చాదస్తం అనేవాళ్లకు తెలుగు పత్రికే జవాబు. శాసనం దొరికితే ‘చారిత్రక ఆధారం’ అంటాం, కోర్టు గొప్ప తీర్పు ఇస్తే ‘చరిత్రాత్మక తీర్పు’ అంటాం. జరిగినదానికి ఒకటి, చరిత్రలో నిలిచేదానికి ఒకటి. ఈ తేడా దొరలు పెట్టిన పరీక్ష అయితే మనకు ఈ రెండు మాటలతో పనే ఉండేది కాదు.

ఇంకా దగ్గరి సాక్ష్యం మన నిఘంటువులోనే ఉంది. ‘వి’తో మొదలయ్యే పుటల్లో ‘వివిక్తం’ దగ్గర ఆగండి. వేరుగా, ఏకాంతంగా ఉన్నది అని అర్థం. గణితంలో డిస్క్రీట్‌కు తెలుగు చేసినవాళ్లు వాడిన మాటల్లో ఇదొకటి. ఇంకొంచెం కిందికి దిగితే ‘వివేకం’. రెండూ వేరుచేయడమనే ఒకే సంస్కృత ధాతువు బిడ్డలు. మంచిచెడులను వేరుచేసి చూడగలగడం వివేకం, వేరుపడి ఉండడం వివిక్తం. లాటిన్ మాట ఏ రెండు దారుల్లో చీలిందో, దానితో ప్రమేయం లేకుండా మన మాటా ఆ రెండు దారుల్లోనే చీలింది. నడుమ ఇంగ్లిషులో డిస్క్రిపెన్సీ ఉంటే, ఇక్కడ ‘వివిధం’, ‘వివృతం’ అద్దెకున్నాయి. వివేకం రోజూ వాడే మాటే కాబట్టి దాని కోసం ఎవరూ నిఘంటువు తియ్యరు. వివిక్తం కోసం తీసినవాడు దాన్ని మాత్రమే చూసి మూసేస్తాడు. ఫోన్ నిఘంటువులు కొన్నింటిలో అర్థం కింద, పేజీ అడుగున, ఆ మాటకు ముందూ వెనకా వచ్చే మాటలు సన్నని అక్షరాల్లో ఉంటాయి. ఈసారి ఏదైనా మాట వెతికినప్పుడు వేలు అక్కడి దాకా జరపండి.