తని వేళకి లేవకండి

బొంబాయి రవ్వ దొరక్క కచేరీ ఆలస్యమైందంటే సంగీతం తెలియనివాళ్లు నవ్వుతారు. మృదంగం ఎడమ ముఖానికి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తే గానీ ఆ గుమ్మనే నాదం పలకదు. విద్వాంసులు చాలామంది రవ్వ తమ సంచీలోనే తెచ్చుకుంటారు. తెచ్చుకోని రోజున వీధిలో ఎవరి వంటింటికి పరుగెత్తాలో సభ కార్యదర్శికి తెలిసి ఉండాలి. గోదావరి ఒడ్డున ఒక చిన్న సంగీత సభ కార్యవర్గంలో ఉంటూ నేను నేర్చుకున్న విద్య ముప్పాతిక భాగం ఇలాంటిదే. రాగాల గురించి నాకు తెలిసింది స్వల్పం. రాగం పలకడానికి చోటు సిద్ధం చేయడం మాత్రం కొంత వంటబట్టింది.

కచేరీ ఖాయమవగానే మొదట అడగాల్సింది గాయకుడి శ్రుతి. మగవాళ్లు ఒకటికి అటూ ఇటూ పాడితే, ఆడవాళ్లు అయిదు, అయిదున్నరలో పాడతారు. ఒకే మృదంగం అన్నిటికీ నడవదు. ఎక్కువ శ్రుతికి చిన్నది కావాలి, తక్కువ శ్రుతికి పెద్దది. ఈ కబురు ముందే అందకపోతే మృదంగం ఆయన వేదిక మీద సుత్తి పట్టుకుని వార్లతో కుస్తీ పడుతూనే ఉంటాడు. రెండో ప్రశ్న, ఆయనది ఏ చేతి వాటం అని. కుడిచేతి వాటమైతే గాయకుడికి కుడివైపు కూర్చుంటాడు, మృదంగం కుడి ముఖం జనం వైపు తిరిగి ఉంటుంది. ఎడమచేతి వాటమైతే ఫిడేలూ మృదంగమూ చోట్లు మార్చుకోవాలి. పళని సుబ్రహ్మణ్య పిళ్లై అంతటివాడిది ఎడమచేతి వాటమే. ఇది తెలియక తివాచీలు, మైకులు అన్నీ ఒక వైపు సర్దేసి, తెర తీసే వేళకి మళ్లీ పీకడం చిన్న సభల్లో మామూలు.

మైకు సంగతి వేరే చెప్పాలి. మా ఊళ్లో మైకుసెట్ల వాళ్లు పెళ్లిళ్లకీ రాజకీయ సభలకీ అలవాటు పడ్డవాళ్లు. తంబురా మోగగానే అలవాటుకొద్దీ ఎకో పెంచుతారు. మృదంగం దగ్గరి మైకుకు బాసు పెంచుతారు. ఫిడేలాయన తన మానిటర్ కొంచెం పెంచమంటాడు, అది చూసి మృదంగం ఆయనా పెంచమంటాడు, చివరికి గాయకుడు వీళ్లిద్దరినీ దాటి వినపడాలని గొంతు చించుకుంటాడు. మూడో కీర్తనకల్లా ముందు వరస ఖాళీ. 1930ల నుంచి మైకు వాడకం పెరిగాక కర్ణాటక సంగీతంలో గాయకుల శ్రుతి కిందికి దిగిందంటారు. హాలు చివరిదాకా గొంతు వినపడాలంటే పూర్వం హెచ్చు శ్రుతిలో పాడక తప్పేది కాదు మరి. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ కొంతకాలం మైకున్న కచేరీకి వాయించనని పట్టుబట్టాడు కూడా. ఆ పట్టుదల పెద్ద ఊళ్లలో సాగకపోయినా చిన్న సభలకు చక్కగా సరిపోతుందని నా నమ్మకం. మేం నెలనెలా పెట్టే చిన్న కచేరీలను గుడి మండపంలో మైకు లేకుండానే జరుపుతున్నాం. వెనక కూర్చునే అలవాటున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే ముందుకు జరుగుతున్నారు. సెల్‌ఫోన్ మోగితే మోగినవాడే సిగ్గుపడుతున్నాడు. ఫిడేలు కమాను తీగ మీద ఆగి మళ్లీ కదిలే చిన్న చప్పుడు కూడా వినపడుతుంది, అదీ సంగీతంలో భాగమే.

మన సభల సంప్రదాయం ఏమంత చిన్నది కాదు. కాకినాడ సరస్వతీ గాన సభ వందేళ్లు దాటింది. మద్రాసు సంగీత అకాడమీ 1928లో మొదలైంది, కాకినాడ సభ అంతకన్నా పెద్దది. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల వెలిస్తే ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులయ్యారు. ఆయన తరవాత ఆ పీఠం ద్వారం వెంకటస్వామినాయుడు గారిది. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును కచేరీ మధ్యలో కూర్చోబెట్టిన మహానుభావుల్లో ద్వారం వారు ముఖ్యులు.

విజయవాడ సంగతికొస్తే నాకు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారే గుర్తొస్తారు. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పంతులు గారు. ఆ పంతులు గారి శిష్యుడే మురళీకృష్ణ. శంకరగుప్తంలో పుట్టిన ఆ కుర్రవాడు ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనలో తొలి పూర్తి కచేరీ చేశాడు. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ ప్రతిభకు ముచ్చటపడి పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని వేదిక ఎక్కించి, అతను పాడినంతసేపూ కదలకుండా కూర్చున్న శ్రోతలు ఆ ఊళ్లో ఉన్నారు. నాకు బాలమురళి కన్నా వాళ్లంటేనే కొంచెం అసూయ.

అందుకే మా సభలో మొదటి అరగంట ఊరి పిల్లలదని పట్టుబట్టి పెట్టుకున్నాం. ఇంకో లాభం కూడా ఉంది. చెన్నై నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే బృందంలో ఘటం ఆయనకి కూడా టికెట్టు పెట్టే స్తోమత మాకు లేదు. ఊళ్లో ఘటం నేర్చుకుంటున్న కుర్రాణ్నే పెద్ద విద్వాంసుడి పక్కన కూర్చోబెడతాం. మధ్యాహ్నం నుంచే వాడికి చేతులు చెమటలు. ఆ ఒక్క సాయంత్రం వాడికి ఏడాది పాఠాలతో సమానం.

మన శ్రోతలకు ఒక హక్కుంది. కీర్తనల్లో చాలా భాగం తెలుగు. తమిళ విద్వాంసుడు పదాన్ని నడిమికి విరిచి ఊపిరి తీసుకుంటే మన ముందు వరసలో ముసలాయన కనుబొమలు లేస్తాయి. లేవాల్సిందే. కాకపోతే ఈ పాపం తెలుగు గాయకులు కూడా దర్జాగా చేస్తున్నారు, అప్పుడు ఎవరి కనుబొమలూ లేవడం లేదు.

ఇక సన్మానాల బాధ. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ పేరు మీద చెప్పుకునే కచేరీ పద్ధతికి ఒక లెక్క ఉంది. వర్ణంతో గొంతు వేడెక్కాలి, చురుకైన కృతులతో హాలు కుదుటపడాలి, అప్పుడు పెద్ద రాగం, దాని కృతి, నెరవు, స్వరాలు, తాళవాద్యాలు మాత్రమే మోగే తని, ఆపైన తేలిక పాటలు. మన ఊళ్లలో ఈ ఏర్పాటుకు సరిగ్గా నడుము దగ్గర గండి కొడతారు. ఒక ఊళ్లో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. గాయని తోడి ఆలాపన ముగించి కృతి అందుకోబోతుంటే ముఖ్య అతిథి వేరే పెళ్లికి వెళ్లాలన్నారు. అంతే, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరి ఘనత మీద ఉపన్యాసాలు. ముక్కాలు గంట తరవాత ఆవిడ మళ్లీ శ్రుతి చూసుకునేటప్పటికి ఆ తోడి ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. సన్మానం చేయండి, కాదనను. మంగళం పాడాక చేయండి. అప్పటిదాకా ఉండలేని అతిథిని పిలవకండి.

ఆవిడ తోడికి పట్టిన గతి సభవాళ్ల చలవ. తని ఆవర్తనానికి పట్టే గతి మాత్రం మన చలవ. తని మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది. అంతదాకా ఆ మృదంగం ఆయన గాయకుడి సంగతుల వెనకే నడిచాడు, ఎక్కడ తగ్గాలో తగ్గాడు, ఎక్కడ ఆపాలో ఆపాడు. ఈ పది నిమిషాలే ఆయన సొంతం. ఆది తాళాన్ని చేత్తో వేసుకుంటూ వినండి. ఆయన నడక మారుస్తాడు, ఘటానికి అందిస్తాడు, ఇచ్చిపుచ్చుకోవడం పొట్టిగా పొట్టిగా అవుతుంది, చివరి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి కృతి ఎత్తుగడ దగ్గర సరిగ్గా వాలుతుంది. మీ చెయ్యి తాళం తప్పకుండా అక్కడికి చేరితే ఆ ఆనందం మీకే తెలుస్తుంది. తప్పినా నష్టం లేదు, వచ్చే నెల చేరుతుంది.

ఇంత సులువుగా లేచిపోవడానికి కారణం డబ్బు అని నా అనుమానం. మన దగ్గర కచేరీలకు ప్రవేశం ఉచితం. ఖర్చు దాతలది కాబట్టి శాలువా కూడా దాతల వేళ ప్రకారమే కప్పాలి. ఏడాది చందా కట్టిన సభ్యుడు అలా ఊరుకోడు, తోడి మధ్యలో మైకు అందుకున్నవాణ్ని ఇదేమిటని అడుగుతాడు. ఉచితం తీసేస్తే జనం రారని మా కార్యవర్గంలోనే వాదన ఉంది. ఉచితంగా వచ్చినవాళ్లు మాత్రం మంగళం దాకా ఉంటున్నారా అన్నది నా ఎదురు ప్రశ్న. విద్యార్థులకు ఉచితం ఉండనివ్వండి, ఉద్యోగాలూ పింఛన్లూ ఉన్నవాళ్లం చందా కడదాం.

పుష్య బహుళ పంచమికి ప్రతి ఊళ్లోనూ త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పంచరత్నాల గోష్ఠిలో నాట, ఆరభి అందరి నోటా వస్తాయి. వరాళి దగ్గరికొచ్చేసరికి గొంతులు పలచబడతాయి, గురువు నేరుగా నేర్పకూడదన్న పాత నమ్మకం వల్ల ఆ రాగం వచ్చినవాళ్లే తక్కువ. వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చోండి. అక్కడే ఒక బల్ల దగ్గర రసీదు పుస్తకం పెట్టుకుని ఒకాయన ఉంటాడు. ఈ ఏడాది చందా కట్టి, రసీదు తీసుకుని వెళ్లండి.